మన ఊరి బడిలో చదువు జారిపోతోందా? కొలవడం నుంచి అడగడం దాకా

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ప్రతి ఊళ్లోనూ ఒకే చర్చ. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 86.69 శాతం పాసైతే 2025లో అది 81.14కి పడింది. అదే ఏడాది తెలంగాణలో 92.78 శాతం పాసయ్యారు. ఈ అంకెలు పట్టుకుని ఒకరు సార్లు చెప్పట్లేదంటారు, ఇంకొకరు పిల్లల చేతుల్లో ఫోన్ల వల్లే అంటారు. ఓపిక నశించినవాళ్లు టీసీ తీసుకుని పిల్లల్ని పక్క టౌన్లో ప్రైవేటు బడి బస్సెక్కిస్తారు. చర్చ అక్కడితో సరి.

నిజానికి కుండకు చిల్లు పడింది పదో తరగతిలో కాదు, మూడో తరగతిలో. పల్లె పిల్లల చదువును ఇళ్ల దగ్గర పరీక్షించే అసర్ సర్వే 2024లో దేశవ్యాప్తంగా పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లలను పరీక్షిస్తే, రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. మిగతా ముప్పాతిక మందిలో చాలామంది ఆ కథ చదవడం రాకుండానే నాలుగు, ఐదు, ఆరు అంటూ మెట్లెక్కుతుంటారు. ఏడో తరగతికి వచ్చాక సోషల్ పాఠం అర్థం కావట్లేదంటే తప్పు సోషల్ సారుది కాదు.

అందుకే ఈ మార్గదర్శి 30 నుంచి 100 మంది దాకా పిల్లలున్న ఊరి ప్రాథమిక పాఠశాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. కొలిచి, కారణం పట్టుకోవడానికి నెల రోజులు. తర్వాత సరిదిద్దే పనికి 60 పని దినాలు. అంతకంటే తక్కువలో అయ్యే పని కాదిది.

ముందు మనుషులు

నలుగురైదుగురు చాలు. వాళ్లలో కనీసం ఇద్దరు బడిలో పిల్లలున్న తల్లులై ఉండాలి. డ్వాక్రా సంఘం నుంచి ఒకరు, డిగ్రీ చదివే కుర్రాడో అమ్మాయో ఒకరు, ఊళ్లో ఉంటే రిటైరైన మాస్టారు ఒకరు. పార్టీ కండువా వేసుకునేవాళ్లు ముందు వరుసలో కనబడితే పని మొదలవకముందే చెడుతుంది. హెడ్మాస్టరు ఒకలా బిగుసుకుపోతారు, ఎదుటి పార్టీవాళ్లు ఇంకోలా.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఉన్నాయి. మీ బడి కమిటీలో ఎవరెవరు ఉన్నారో అడిగి తెలుసుకోండి. తాము సభ్యులమన్న సంగతే తెలియని సభ్యులు కొందరుంటారు, ఆశ్చర్యపోకండి. కమిటీని పక్కనపెట్టి వేరే సంఘం పెట్టొద్దు. చట్టం అధికారమిచ్చింది కమిటీకే, మీ వాట్సాప్ గ్రూపుకు కాదు.

తర్వాత హెడ్మాస్టరును కలవండి. "మీ బడి బాగాలేదు" అని మొదలుపెడితే ఆ మాటతోనే తలుపు మూసుకుంటుంది. "సార్, పిల్లలకు చదవడం ఎంతవరకు వస్తోందో మేం ఇళ్ల దగ్గర చూద్దామనుకుంటున్నాం. చూశాక ముందు మీకే చెప్తాం. ఆ తర్వాత మేం ఏం చేయాలో మీరే చెప్పండి" అనండి. ఆ మాట మీద నిలబడండి కూడా. ఫలితాలు సారు చూడకముందే వాట్సాప్‌లో పడితే మళ్లీ ఆ బడి గడప తొక్కలేరు.

కొలవడం: ఒక్కో బిడ్డ, ఒక్కో కాగితం

రాత పరీక్ష పెట్టొద్దు. పక్కవాళ్లది చూసి రాసేస్తారు, పైగా బడిలో చెప్పించిన జవాబులు కంఠతా వచ్చుంటాయి. నోటితో, ఒక్కొక్కరినీ విడిగా చదివించాలి. అసర్ సర్వే చేసే పద్ధతి కూడా ఇదే. ఆదివారం పొద్దున పిల్లల ఇళ్ల దగ్గర, అరుగు మీదో వేపచెట్టు కిందో కూర్చోబెట్టి చేయండి. తల్లిదండ్రుల్లో ఒకరు కనబడేంత దూరంలో ఉండాలి, కానీ జవాబు అందించకూడదు. ఒక్కో బిడ్డకు 8 నిమిషాలు పడుతుంది. 40 మంది ఉంటే నలుగురు కలిసి గంటన్నరలో ముగించొచ్చు.

బడి ఇంగ్లీషు మీడియమైనా పరీక్ష మాత్రం తెలుగులోనే పెట్టండి. సొంత భాషలో చదవలేని బిడ్డ ఇంగ్లీషులో చదువుతున్నట్టు కనబడితే అది చాలావరకు బట్టీయే. ఇంట్లో లంబాడీ, కోయ, గోండి మాట్లాడే పిల్లల కాగితంపై ఆ సంగతి విడిగా రాయండి. వాళ్ల ఇబ్బంది వేరు.

కాగితం మీద నాలుగు మెట్లు ఉండాలి. అక్షరాలు పెద్దగా, 24 సైజులో ప్రింటు తీయించండి.

అక్షరాలు: మ, య, న, స, ప, వ, ద, ర, క, ళ. ఇవి ఊరికే ఎంచినవి కావు. మ-య, న-స, ప-వ జంటల దగ్గరే పిల్లలు ఎక్కువగా తడబడతారు.

పదాలు: పలక, మేక, గొడుగు, కోడి, నీరు. ఇక్కడ ఒత్తులు పెట్టొద్దు.

పేరా: "మా ఊరిలో చెరువు ఉంది. చెరువులో చేపలు ఉన్నాయి. మేము రోజూ అటు పోతాము. గేదెలు నీటిలో దిగుతాయి."

కథ: "సీతమ్మ పెరట్లో జామచెట్టు ఉంది. చెట్టు నిండా పండ్లు కాశాయి. రోజూ తెల్లవారక ముందే చిలుకలు వచ్చి కొరికిపోయేవి. సీతమ్మ ఒక పాత డబ్బా తెచ్చి కొమ్మకు కట్టింది. గాలి వీస్తే డబ్బా డబడబ మోగేది. రెండు రోజులు చిలుకలు రాలేదు. మూడో రోజు ఒక చిలుక ఆ డబ్బా మీదే కూర్చుని పండు తినసాగింది."

అక్షరాలతో మొదలుపెట్టకండి, పేరాతో మొదలుపెట్టండి. మూడు తప్పుల లోపు, ఆగి ఆగి కాకుండా చదివితే కథ ఇవ్వండి. పేరా దగ్గర ఆగిపోతే పదాలకు దిగండి. ఐదు పదాల్లో నాలుగు చదివితే ఆ బిడ్డది పదాల మెట్టు. అదీ రాకపోతే మీరు వేలు పెట్టి చూపించిన ఏవైనా ఐదు అక్షరాల్లో నాలుగు చెప్పగలగాలి. కథ చదివిన బిడ్డను రెండు ప్రశ్నలడగండి: డబ్బా ఎందుకు కట్టింది? మూడో రోజు చిలుక ఎందుకు భయపడలేదు? మొదటి దానికి జవాబు కథలో ఉంది. రెండోదానికి బిడ్డ ఆలోచించాలి. ధారాళంగా చదివి మొదటిదానికీ బదులివ్వలేని పిల్లలు దొరుకుతారు. వాళ్ల పేరు పక్కన ఒక గుర్తు పెట్టండి.

లెక్కలకు నాలుగే మెట్లు: 1 నుంచి 9, తర్వాత 11 నుంచి 99 వరకు అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చే తీసివేత రెండు, ఒక భాగహారం. తీసివేతకు 52 − 27 ఇవ్వండి. జవాబు 25. చాలామంది 35 అని రాస్తారు. 5 లోంచి 2 పోతే 3 సరే, 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేస్తారు. అంటే ఆ బిడ్డకు తీసివేత రాక కాదు, పదుల స్థానం అంటే ఏమిటో తెలియక. భాగహారానికి 612 ÷ 6 ఇస్తే 102కు బదులు 12 అని వస్తుంది, కారణం అదే. ఈ రెండు తప్పులూ ఎంతమంది చేశారో లెక్కపెట్టండి. బడిలో ఏం మళ్లీ చెప్పాలో దానితోనే తేలిపోతుంది.

అవకాశం ఉంటే అదే వీధిలో ప్రైవేటు బడికి వెళ్లే పిల్లల్లో పదిమందిని కూడా చదివించండి. బస్సు ఫీజు కడుతున్న చాలా ఇళ్లలో ఆ ఫలితం చూసి నోరు మెదపరు.

పట్టిక ఎలా చదవాలి

నిలువున తరగతులు, అడ్డంగా మెట్లు వేసి పిల్లల సంఖ్యలు రాయండి. పేర్లు మీ దగ్గరే ఉండాలి. సభలో పేర్లు చదివితే ఆ తల్లి మరుసటి వారం నుంచి సమావేశానికి రాదు, ఆ బిడ్డ బడికి రాదు.

ఇక్కడ జనం ఎప్పుడూ తప్పుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. గత ఐదేళ్లలో ఊళ్లో కాస్త ఉన్నవాళ్లందరూ పిల్లల్ని ప్రైవేటుకు మార్చేశారనుకోండి. మిగిలినవాళ్లు కూలికి పోయే ఇళ్ల పిల్లలు, ఇంట్లో అక్షరం చెప్పేవాళ్లు లేని పిల్లలు. అప్పుడు సగటు పడితే బోధన పడిపోయిందని కాదు, బడిలో కూర్చునేవాళ్లు మారారని. దానికి విరుగుడు సగటు చూడటం కాదు. ఇవాళ్టి మూడో తరగతి పిల్లలే వచ్చే ఏడాది నాలుగులో ఎక్కడ ఉన్నారో చూడటం.

కారణం ఎక్కడుంది

పట్టిక చేతికొచ్చాక రెండు వారాలు బడిని గమనించాలి. నిఘా పెట్టినట్టు కాదు, కమిటీ సభ్యుల హోదాలో.

మొదట తలకాయలు లెక్కపెట్టండి. ఉదయం 10 గంటలకు ఒకసారి, మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, వరుసగా పది పని దినాలు. రిజిస్టరులో 40 ఉండి ఉదయం 33, భోజనం తర్వాత 24 కనిపిస్తే అది బోధన సమస్య కాదు. పత్తి తీత, మిర్చి కోతల నెలల్లో పెద్ద పిల్లలు చిన్న చెల్లిని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతారు. పాలమూరు, అనంతపురం, ప్రకాశం వైపు నుంచి వలస పోయే కుటుంబాలైతే మూడు నాలుగు నెలలు బిడ్డే ఊళ్లో ఉండడు. దీనికి దారి వలస నెలల్లో పిల్లల్ని ఉంచుకునే సీజన్ హాస్టలో, ఊళ్లో తాత దగ్గర ఉంచి భోజనం చూసుకునే ఏర్పాటో. సార్లను తిట్టడం కాదు.

రెండోది ఉపాధ్యాయులు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 1–5 తరగతులకు 60 మంది దాకా ఇద్దరు, 61–90కి ముగ్గురు, 91–120కి నలుగురు ఉండాలి. అంటే ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూడటం చట్టప్రకారమే జరుగుతుంది. ఒక గదిలో 1, 2 తరగతులు, ఇంకో గదిలో 3, 4, 5. ఒకరు సెలవు పెట్టిన రోజు ఐదూ ఒకే గదిలో. ఇదే నేటి పల్లె బడి అసలు చిత్రం. అది చూడకుండా "వాళ్లు జీతం తీసుకుని కూర్చుంటారు" అనేవాళ్లను ఒకసారి ఆ గదిలో గంటసేపు నిలబెట్టాలి.

అయితే మంజూరైన పోస్టు, కాగితం మీద పనిచేస్తున్నవాళ్లు, బడికి వస్తున్నవాళ్లు అనేవి మూడు వేర్వేరు లెక్కలు. డిప్యుటేషన్ (వేరేచోటికి తాత్కాలికంగా పంపడం), వర్క్ అడ్జస్ట్‌మెంట్ (ఇంకో బడికి సర్దుబాటు), దీర్ఘకాల సెలవు అన్న మూడు మాటల వెనక ఎంతమంది ఉన్నారో అడగండి. 26వ సెక్షన్ ప్రకారం మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదు.

మూడోది టైము. టీచరు ఫోనులో ఎన్ని యాప్‌లున్నాయో, రోజుకు ఎన్ని ఫొటోలు, ఎంట్రీలు పంపాలో స్నేహంగా అడిగి చూడండి. 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధంలేని పనులకు టీచర్లను వాడకూడదు. ఇక్కడ మీరూ టీచర్లూ ఒకే వైపు ఉంటారు. వాళ్లు తమ నోటితో చెప్పలేనిది కమిటీ తీర్మానం చెప్పగలదు.

కంటి పరీక్ష సంగతి చాలామంది మరిచిపోతారు. వెనక వరుసలో కూర్చుని మొదటి నుంచీ "మొద్దు" అనిపించుకునే పిల్లల్ని ముందు పీహెచ్‌సీకి తీసుకెళ్లి చూపు చూపించండి.

కాగితాలు

ప్రతి బడికీ ప్రభుత్వ బడుల లెక్కల్లో 11 అంకెల గుర్తింపు సంఖ్య, అంటే యూడైస్ కోడ్, ఉంటుంది. తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 28తో మొదలవుతుంది. బడి బోర్డు మీదో హెడ్మాస్టరు దగ్గరో దొరుకుతుంది. యూడైస్ ప్లస్ పోర్టల్లో మీ బడి రిపోర్టు కార్డు ఎవరైనా చూడొచ్చు: పిల్లల సంఖ్య, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు. అందులో ఉన్నదీ మీరు కళ్లతో చూసిందీ పక్కపక్కన పెట్టండి.

బడి ఖర్చులకు ఏటా ఇచ్చే కాంపొజిట్ స్కూల్ గ్రాంటు గురించి కూడా అడగండి. కేంద్ర పథకమైన సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం ఏడాదికి 30 మంది లోపు పిల్లలుంటే 10,000, 31–100కి 25,000, 101–250కి 50,000 రూపాయలు. సుద్దముక్కలు, చార్టులు, చదివించే కార్డులు కొనాల్సింది ఈ డబ్బుతోనే. గోడల రంగులకే అయిపోతే పిల్లాడి చేతికి పుస్తకం రాదు. రంగులేసిన గోడ మీద "చదువే వెలుగు" అని రాసి ఉంటుంది, దాన్ని చదవగలిగే పిల్లలే కరవు.

మాటతో సమాచారం రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల కార్యాలయానికైతే రుసుము 5 రూపాయలు, జిల్లా కార్యాలయానికి 10. గ్రామ స్థాయిలో రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. "ఎందుకు పంపలేదు?" అని రాసి పెట్టే దరఖాస్తుకు పనికొచ్చే జవాబు రాదు. ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్నదే. అందుకని ఇలా అడగండి: ఈ విద్యా సంవత్సరం జూన్ 12 నుంచి ఇప్పటిదాకా ఈ బడికి మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారి సంఖ్య; డిప్యుటేషన్ ఉత్తర్వుల నకళ్లు; బోధనేతర పనులకు పంపిన రోజుల సంఖ్య; గ్రాంటు వచ్చిన తేదీ, ఖర్చు వివరాలు; యాజమాన్య కమిటీ సమావేశాల మినిట్స్ నకళ్లు.

అడగడం

హెడ్మాస్టరుకు పట్టిక చూపించాకే కమిటీ సమావేశం పెట్టించండి. 24వ సెక్షన్ ప్రకారం పిల్లల హాజరు, చదువు పురోగతి తల్లిదండ్రులకు చెప్పడం టీచర్ల విధి. ఆ మాట మర్యాదగా గుర్తుచేయొచ్చు. ఒక సమావేశంలో మూడుకు మించి అడగొద్దు. పదిహేను డిమాండ్లు రాస్తే అధికారి అందులో తేలికైనది, అంటే ఫ్యాను, ఎంచుకుని చేసి ఫొటో దిగుతారు.

తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి, సంతకాలు చేయించి, నకలు తీసుకోండి. ఖాళీ పేజీ కింద సంతకం ఎవరడిగినా పెట్టొద్దు. 22వ సెక్షన్ కింద కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో చదువు లక్ష్యం కూడా రాయించండి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే ఇది పూర్తవ్వాలి, అంటే డిసెంబరు దాటనివ్వొద్దు.

పోస్టు సమస్యైతే మండల విద్యాధికారి (ఎంఈఓ)కి, అక్కడ నెల రోజుల్లో కదలకపోతే జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి, తర్వాత సోమవారం కలెక్టరేటులో. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రసీదు నంబరు తీసుకోకుండా రావొద్దు. అర్జీ ఇంత పొట్టిగా ఉంటే చాలు:

"మా ప్రాథమిక పాఠశాలలో 64 మంది పిల్లలు ఉన్నారు. చట్టం ప్రకారం ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. ఇద్దరే పనిచేస్తున్నారు. మూడోవారు ఆగస్టు నుంచి డిప్యుటేషన్‌పై ఉన్నారు. 3–5 తరగతుల్లోని 38 మందిలో కథ చదవగలిగినవారు 9 మంది. ఆ డిప్యుటేషన్ రద్దు చేయాలని, అది కాకపోతే ఈ నెలలోపు వేరొకరిని సర్దుబాటు చేయాలని కోరుతున్నాం." కింద కమిటీ తీర్మానం నకలు, పట్టిక జతచేయండి. అంకెలు మాత్రం మీ బడివే ఉండాలి.

ఒక గంట

అధికారి కదిలేలోపు పిల్లల ఏడాది కరిగిపోతుంది. అందుకని మొదటి సమావేశంలోనే హెడ్మాస్టరును ఒక్కటే అడగండి: రోజూ ఒక గంట 3, 4, 5 తరగతుల పిల్లల్ని తరగతి ప్రకారం కాకుండా మెట్టు ప్రకారం కూర్చోబెట్టడం. అసర్ సర్వే వెనక ఉన్న స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ ఏళ్లుగా చేస్తున్న పద్ధతి ఇది. 2019లో ఆర్థిక శాస్త్ర నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దీని ఫలితాలను పరిశోధించారు. తెలంగాణ 2022లో మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమం కూడా కనీస చదువు, లెక్కల మీదే నడుస్తుంది, కాబట్టి టీచర్లకు ఇది కొత్త మాట కాదు.

పదాల మెట్టు దాకానే వచ్చినవాళ్లు ఒక గుంపు, పేరా వాళ్లు ఒకటి, కథ వాళ్లు ఒకటి. గుంపుకు 8 నుంచి 12 మంది. కింది గుంపును టీచరే తీసుకోవాలి, వాలంటీరుకు ఇవ్వకూడదు. చాలాచోట్ల దీన్ని తిరగేస్తారు. బాగా చదివేవాళ్లతో సారు, రానివాళ్లతో ఇంటర్ పాసైన అమ్మాయి. ఫలితం రాకపోవడానికి ఇదొక్కటే చాలు.

గంటలో మొదటి పది నిమిషాలు మాటలు: బొమ్మ చూపించి చెప్పించడం. తర్వాత పావుగంట గుణింతాల చార్టు, వరుసగా కాకుండా అడ్డదిడ్డంగా వేలు పెట్టి చదివించడం. వరుసగా చదివిస్తే "క కా కి కీ" పాట వస్తుంది, అక్షరం రాదు. ఒత్తుల దగ్గర ముందు అమ్మ, అక్క, అవ్వ, బువ్వ లాంటి ద్విత్వాలు, తర్వాతే పుస్తకం, చంద్రుడు లాంటి సంయుక్తాలు. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపం అసలు అక్షరాన్ని పోలదు కాబట్టి వాటికి విడిగా కార్డులు చేయండి. "పుస్తకం"ను "పుసకం" అని చదివే బిడ్డకు కావలసింది ఆ త ఒత్తు కార్డే, మొత్తం అక్షరమాల మళ్లీ కాదు. చివర పది నిమిషాలు టీచరు కథ చదివి వినిపించాలి. టైము చాలట్లేదని అందరూ ముందు కోసేది దీన్నే. కోయనివ్వకండి.

తీసివేతకు చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు చాలు. పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు. 27 తీయాలంటే విడివి చాలవు, ఒక కట్ట విప్పక తప్పదు. ఆ విప్పడమే "అప్పు తేవడం". నాలుగు రోజులు చేతులతో చేశాక నోటుబుక్కులోకి వెళ్లండి.

సాయంత్రం ఊళ్లో వాలంటీర్లతో కూర్చోబెడితే గుడి మండపమో పంచాయతీ ఆఫీసు వరండానో, నలుగురికీ కనబడే చోటే, ఇద్దరు పెద్దవాళ్లు ఉండగా. అక్కడ హోంవర్కు చేయించొద్దు. రెండో వారానికల్లా అది ట్యూషనైపోతుంది, చదవలేని బిడ్డ మళ్లీ మూలకి చేరుతుంది. ప్రభుత్వ టీచర్లకు ఆ పని అప్పగించొద్దు కూడా, 28వ సెక్షన్ వాళ్ల ప్రైవేటు ట్యూషన్లను నిషేధించింది.

మళ్లీ కొలవడం

30వ రోజున ఒకసారి, 60వ రోజున ఒకసారి అదే మెట్లతో, కొత్త పేరాలు, కొత్త కథలతో చదివించండి. చిలుక కథే మళ్లీ ఇస్తే కంఠతా అప్పజెప్తారు. రోజూ వచ్చిన పిల్లల్లో ఎక్కువ మంది కనీసం ఒక మెట్టు ఎక్కి ఉండాలి. హాజరు బాగుండీ కదలనివాళ్లుంటే వాళ్ల చూపు, వినికిడి, ఇంటి భాష మళ్లీ చూడండి. గుంపంతా కదలకపోతే గంట నిజంగా జరుగుతోందో లేదో చూడండి. చాలాసార్లు 60 రోజుల్లో జరిగినవి 25 గంటలే అని తేలుతుంది. అందుకే మొదటి రోజు నుంచే తలుపు వెనక ఒక క్యాలెండరు వేలాడదీసి, గంట జరిగిన రోజు మాత్రమే ఒక బిడ్డ చేత టిక్కు పెట్టించండి.